కల్పనా చావ్లా ఆడియో సిరీస్: ఐదో భాగం కోసమైనా వినొచ్చు

నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్తాను. కల్పనా చావ్లా మీద తెలుగులో ఎనిమిది భాగాల ఆడియో సిరీస్ వచ్చిందని మా స్టూడెంట్ ఒకమ్మాయి చెబితే, 149 రూపాయలు కట్టి కాలేజీ బస్సులో వస్తూ పోతూ విన్నాను. మూడు స్టార్లు ఇస్తున్నాను. అందులో రెండు ఒక్క ఐదో భాగానివే.

మొదటి రెండు భాగాలూ ఆవిడ సొంతూరు కర్నాల్ దాటవు. చిన్నపిల్ల, ఆకాశం, తల మీదుగా వెళ్ళే ఫ్లయింగ్ క్లబ్ విమానాలు, వెనకాల వేణువు. ఒకసారి వింటే బాగుంటుంది. మూడోసారి కూడా అదే వేణువు వస్తే స్పీడు పెంచేశాను. ఆ తర్వాత చండీగఢ్‌లో 1982 నాటి ఏరోనాటికల్ డిగ్రీ, అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో 1984లో మాస్టర్స్, కొలరాడోలో 1988లో పీహెచ్‌డీ, అన్నీ కలిపి ఒకే భాగంలో పరుగులు పెట్టించారు.

నాకు ఒళ్ళు మండింది నాలుగో భాగంలో. "తర్వాత ఆమె నాసాలో పరిశోధకురాలిగా చేరారు" అని ఒక్క ముక్క అనేసి, వెంటనే 1994 డిసెంబర్లో వ్యోమగామిగా ఎంపికైన కబురు చెప్పేశారు. అయ్యా, ఆవిడకి ఆ ఎంపిక తెచ్చిపెట్టిన పని 1988 నుంచి 1994 దాకా ఉన్న ఆ ఆరేళ్ళలోనే ఉంది కదా! నాసా వాళ్ళ ఏమ్స్ రీసెర్చ్ సెంటర్లో ఆవిడ లెక్కగట్టింది హారియర్ యుద్ధవిమానం లాంటి వాటి చుట్టూ గాలి ఎలా కదులుతుందో. హారియర్ నిలువునా దిగుతుంది. నేల దగ్గరికి వచ్చేసరికి కిందికి చిమ్మే జెట్లు నేలకు కొట్టుకుని పక్కలకు పాకుతాయి, రెండు ఎదురుపడ్డ చోట పైకి తంతాయి. ఆ వేడి గాలి మళ్ళీ ఇంజన్లోకి దూరిందంటే థ్రస్ట్, అంటే విమానాన్ని నిలబెట్టే తోపు, పడిపోతుంది, దిగడం కాస్తా పడటం అవుతుంది. గాలి కదలిక లెక్కగట్టాలంటే విమానం చుట్టూ ఉన్న చోటుని చిన్న చిన్న గళ్ళుగా గీసుకోవాలి, దాన్నే గ్రిడ్ అంటారు. ఇలాంటి ఆకారానికంతటికీ ఒకే గ్రిడ్ గీయడం చాలా కష్టం. అందుకని రెక్కకొకటి, నాజిల్‌కొకటి విడివిడిగా గీసి, బొంతలో గుడ్డముక్కల్లా ఒకదాని అంచు ఇంకోదాని మీదికి వచ్చేలా పరిచే పద్ధతి ఉంది, దాన్నే ఓవర్‌సెట్ అంటారు. 1993లో ఆవిడ వైస్ ప్రెసిడెంట్‌గా చేరిన కంపెనీ పేరే ఓవర్‌సెట్ మెథడ్స్. మా థర్డ్ ఇయర్ పిల్లలు నోరు తెరుచుకుని వినే సంగతి ఇది. సిరీస్‌లో లేనే లేదు.

పైగా ప్రతి భాగంలోనూ "భర్త ప్రోత్సాహంతో" అన్నమాట ఒకటి. జాన్ పియేర్ హారిసన్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్, నిజమే. ఆవిడకీ ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు ఉంది. సీప్లేన్లకూ గ్లైడర్లకూ కమర్షియల్ పైలట్ లైసెన్సు కూడా ఉంది. అది చెప్పడానికి నోరు రాలేదు!

ఇక ఐదో భాగం. రాసినవాళ్ళు వేరేమో అనిపించింది. 1997 నవంబర్ 19న ఆవిడ ఉన్న స్పేస్ షటిల్ కొలంబియా బయల్దేరింది. రెండ్రోజులకి ఆవిడ రోబోటిక్ ఆర్మ్‌తో స్పార్టన్ అనే ఉపగ్రహాన్ని బయట వదిలారు. సూర్యుడి చుట్టూ ఉండే బయటి పొరను, అంటే కరోనాను, చూడాల్సిన పరికరం అది. వదిలాక అది తనంతట తాను ఒక చుట్టు తిరగాలి. తిరగలేదు. మళ్ళీ పట్టుకోబోతే గట్టిగా చిక్కినట్టు సిగ్నల్ రాలేదు. ఆర్మ్ వెనక్కి తీయగానే స్పార్టన్ మెల్లగా దొర్లడం మొదలెట్టింది. కమాండర్ కెవిన్ క్రెగెల్ షటిల్‌నే దాని తిరుగుడుకి కలపాలని చూసి, ఇంధనం చాలదని ఆపేశారు. చివరికి తోటి వ్యోమగాములు విన్‌స్టన్ స్కాట్, తకావో దోయ్ స్పేస్‌వాక్‌లో చేతుల్తో పట్టుకొచ్చారు. ఇక్కడ సంగీతం ఆపేసి ఒట్టి గొంతుతో చెప్పించారు, ఆ టెన్షన్ అంతా చెవికి అందింది. ఆ తర్వాత విచారణ, నెలల తరబడి ఆవిడ మీద నిలిచిన వేళ్ళు, చివరికి సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లోనూ, సిబ్బందికీ గ్రౌండ్ కంట్రోల్‌కీ పెట్టిన పద్ధతుల్లోనూ లోపాలున్నాయని నాసా తేల్చడం, ఏదీ వదల్లేదు. ఇదంతా అయ్యాక మళ్ళీ ఎగరడానికి ఎంచుకున్నారంటే ఆవిడ పని మీద ఎంత నమ్మకమో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మిగతా మూడు భాగాలూ 2003లో ఆవిడ ప్రాణం తీసిన కొలంబియా ప్రమాదం చుట్టూనే. ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలిన సంగతి సరిగ్గానే చెప్పారు, తప్పు పట్టను. కానీ పదహారు రోజులు ఏడుగురూ రెండు జట్లుగా, రాత్రీ పగలూ వంతులేసుకుని దాదాపు 80 ప్రయోగాలు చేశారు. దానికి దక్కింది కాసేపే. తక్కినదంతా వయొలిన్ ఏడుపు. పైగా "ఢాం" మని శబ్దాలొకటి!

ఒక తప్పు మాత్రం దిద్దాలి. ఆవిడ జ్ఞాపకార్థం ఇస్రో కల్పన-1ని ప్రయోగించిందన్నారు. ఆ ఉపగ్రహం 2002 సెప్టెంబర్లోనే మెట్‌శాట్ పేరుతో వెళ్ళింది, 2003 ఫిబ్రవరిలో పేరు మార్చారంతే.

చెప్పినావిడ గొంతు, తెలుగు రెండూ శుభ్రంగా ఉన్నాయి. యాప్ మాత్రం ఫోనొస్తే ఆగిపోయి మళ్ళీ మొదటికొస్తోంది. డౌన్‌లోడ్ చేసుకుని వింటే ఆ బాధ లేదు. హైస్కూలు పిల్లలకైతే ఐదుతో మొదలుపెట్టించండి, నచ్చితే వాళ్ళే వెనక్కి వెళ్తారు. కొనేటప్పుడు ఆటో రెన్యువల్ టిక్ తీసేయడం మర్చిపోకండి.