'వేర్' (wear) నేర్పడానికి నేవర్ డిక్షనరీ ఎంత పనికొస్తుంది?

కొరియన్లకు ఇంగ్లీషు చెప్పే తెలుగువాళ్ల దగ్గర నేవర్ (Naver) అనే కొరియన్ వెబ్‌సైటు ఇచ్చే ఇంగ్లీషు-కొరియన్ డిక్షనరీ ఉండి తీరాలి. ఉచితం, ఫోన్‌లోనూ పనిచేస్తుంది, అమెరికన్, బ్రిటిష్ ఉచ్చారణలు రెండూ వినొచ్చు. దాని సత్తా ఎంతో, ఎక్కడ చాలదో 'వేర్' అనే క్రియ వెతికితే తెలిసిపోతుంది.

కొరియన్‌లో వస్తువును బట్టి క్రియ మారుతుంది. బట్టలకు ఇప్తా, టోపీకి స్సుదా, బూట్లకు షిన్తా, ఉంగరానికి క్కిదా, వాచీకి ఛాదా. మనం చీర కట్టుకుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం కదా, అలాగే. నేవర్‌లో వచ్చే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ అర్థం వీటిలో చాలావాటిని ఒక్క వరుసలో చూపిస్తుంది. ఇది చాలా మంచి పని. కాకపోతే స్సుదాను గొడుగుకీ వాడతారు కాబట్టి విద్యార్థులు 'వేర్ యాన్ అంబ్రెల్లా' అనేస్తారు. అక్కడ 'యూజ్' రావాలని విడిగా చెప్పాలి. సెంటుకు మాత్రం కొరియన్‌లో చల్లుకోవడం అంటారు, అందుకే 'వేర్ పెర్‌ఫ్యూమ్' వాళ్లకు తట్టనే తట్టదు.

అసలు చిక్కు వేరే ఉంది. డిక్షనరీ 'ఇప్కో ఇత్తా' అని అర్థం ఇస్తుంది. అది సరైనదే, కానీ ఆ రూపానికి 'వేసుకుంటున్నాడు', 'వేసుకుని ఉన్నాడు' రెండూ అర్థాలే. ఒక చెయ్యి కోటులో, ఒకటి బయట ఉన్నప్పుడు కూడా విద్యార్థి 'అయామ్ వేరింగ్ మై కోట్' అంటాడు. 'పుటింగ్ ఆన్' అనాలి. అందుకే 'పుట్ ఆన్' కూడా వెతికించి, రెండిటినీ పదాల జాబితాలో పక్కపక్కన దాచుకోమనాలి. ఇంకోటి: ఇప్పుడు ఎర్రచొక్కాలో ఉన్న మనిషి గురించి కొరియన్‌లో భూతకాల రూపం వాడొచ్చు. 'హి వోర్ ఎ రెడ్ షర్ట్' అనే తప్పు అక్కణ్నుంచే వస్తుంది.

మాట పుట్టుకకు మాత్రం ఇంగ్లీషు మాటల చరిత్ర చెప్పే ఎటిమాన్‌లైన్ వెబ్‌సైటు తెరవాలి, దానికి కొరియన్ రూపం కూడా ఉంది. పాత ఇంగ్లీషు 'వెరియన్' మొదట క్రమక్రియే, అంటే మామూలు పద్ధతిలో భూతకాలం వచ్చేదే. తర్వాత బేర్, స్వేర్, టేర్‌ల దారిలో వోర్, వోర్న్ అయింది. ఈ నాలుగూ కలిపి వల్లె వేయిస్తే రూపాలు మరిచిపోరు. మన 'వస్త్రం' కూడా ఆ మూలధాతువు నుంచి వచ్చిందే. తొడిగీ తొడిగీ బట్ట అరగడం నుంచి 'వేర్ అవుట్' పుట్టింది.

నేవర్ ఉదాహరణలు రకరకాల చోట్ల నుంచి వస్తాయి. పాఠానికి డిక్షనరీ పేరు ఉన్న వాక్యాలే తీసుకోండి.