మత్యో గులాబీయా, నీలిమందు గుడ్డా?

ప్రాంతీయ చరిత్ర మ్యూజియంలో హంగేరీ వారసత్వంపై తాత్కాలిక ప్రదర్శన పెట్టాలి, ఉన్నదేమో ఒకే హాలు. మెజోకొవెజ్ద్ పట్టణపు మత్యో ఎంబ్రాయిడరీ పెట్టాలా, ‘కేక్‌ఫెష్తో’ అనే నీలి అద్దకమా?

మత్యోకు ఆకర్షణ ఎక్కువ. 2012లో యునెస్కో జాబితాకెక్కింది, ఆ ఎర్ర గులాబీలు గుమ్మం దగ్గరే చూపును కట్టేస్తాయి. కానీ పాత దారాలు వెలుతురుకు వెలిసిపోతాయి. మసక దీపాలే గతి.

నా ఓటు అద్దకానికే. రంగు అంటనివ్వని ముద్దను చెక్క అచ్చుతో అద్ది, నీలిమందు తొట్టిలో ముంచి తీస్తే బట్ట మొదట పచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ నీలమవుతుంది. ముద్ద వదలగొడితే తెల్లని పూలు. మచిలీపట్నం అచ్చులు చూసిన కంటికి ఇది చుట్టరికమే! 2018 నాటి యునెస్కో గుర్తింపులో మాత్రం ఆస్ట్రియా, జర్మనీ, చెక్, స్లొవేకియాలకూ వాటా ఉంది. గోడమీది పలకపై ఆ మాట రాయాల్సిందే.