బీసెంట్ రోడ్డులో కొన్న పోకర్ పెట్టె: ముక్కలు మేలు, చార్టు చేటు

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఆటవస్తువులు అమ్మే ఒక దుకాణంలో నాలుగు నెలల క్రితం 2,800 రూపాయలు పెట్టి ఒక పోకర్ పెట్టె కొన్నాను. అందులో 300 చిప్స్, రెండు కట్టల ప్లాస్టిక్ పేకముక్కలు, ఒక డీలర్ బటన్ (ఈసారి పంచేవాడెవరో చూపే బిళ్ల), వీటితో పాటు మొదట పంచిన రెండు ముక్కలను బట్టి ఎలా ఆడాలో చెప్పే ఒక అట్ట చార్టు ఉన్నాయి. నిజానికి నేను కొన్నది ఆ చార్టు కోసమే. లబ్బీపేటలోని మా అపార్టుమెంటులో ఏడుగురం ఆదివారం సాయంత్రాలు ఆటకు కూర్చుంటాం. అందరం ఏళ్ల తరబడి రమ్మీ ఆడినవాళ్లమే గాని, చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలతో ఆడే పోకర్ రకమైన టెక్సస్ హోల్డెమ్‌కు కొత్తవాళ్లం. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించిన తరువాత ఫోన్లలో ఆట మానేసి, డబ్బు ఊసే లేకుండా ఎదురెదురుగా కూర్చుని ఆడటం అలవాటు చేసుకున్నాం.

ముందుగా ముక్కల సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ పెట్టెలో అసలు విలువ వాటిదే. పోకర్‌లో ముక్కలను రమ్మీలో లాగా విసనకర్రలా విప్పి పట్టుకోరు. బల్ల మీదే బోర్లా ఉంచి, బొటనవేలితో మూల కొద్దిగా ఎత్తి చూసుకుంటారు. మా పాత కాగితపు కట్టలో ఇస్పేటు ఆసుకు మూల దగ్గర సన్నటి మడత పడింది, ఎందుకంటే ఆసు వచ్చినవాడు నమ్మకం చాలక రెండోసారి, మూడోసారి ఎత్తి చూస్తాడు. రెండు నెలలు గడిచేసరికి అది ఎవరి ముందు పడిందో బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయేది. ఈ ప్లాస్టిక్ ముక్కలు ఎంత వంచినా తిరిగి నిటారుగా వస్తున్నాయి. మే నెల ఉక్కలో చేతులు చెమటలు పట్టినా ఒకదానికొకటి అతుక్కోవడం లేదు, తడిగుడ్డతో తుడిస్తే కొత్తవాటిలా ఉంటున్నాయి.

చిప్స్ బరువు, మోత బాగానే ఉన్నాయి గాని పంపకంలో లోపం ఉంది. 300 చిప్స్‌లో 5 విలువ గలవి 50 మాత్రమే, అంటే ఏడుగురికి తలా ఏడు వస్తాయి. ఇది చిన్న లోపంగా కనిపిస్తుంది గాని, చిల్లర లేనివాడు 60కి పెంచవలసిన చోట ఒక 25 చిప్ విసిరి ఊరుకుంటాడు. పెంచే మొత్తాన్ని ఆలోచన కాకుండా చిల్లర నిర్ణయిస్తే మంచి ముక్కలు పడీ ప్రయోజనం లేదు.

ఇక చార్టు. రెండు ఆసులు మొదలుకొని ఆసు–కింగ్ వరకు పది బలమైన చేతులను (మొదటి రెండు ముక్కల కలయికలను) వరుసగా ముద్రించి, వాటన్నిటికీ ఒకటే మాట చెప్పింది: బిగ్ బ్లైండ్‌కు మూడు రెట్లు పెంచండి. ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలే బ్లైండ్లు, వాటిలో పెద్దది బిగ్ బ్లైండ్. ఎంతమంది ఆటలో ఉన్నారు, మన ముందు ఎందరు కాల్ చేశారు (అంతే పందెం పెట్టి కలిశారు), మన వంతు ముందా వెనకా అన్న ప్రశ్నలే అందులో లేవు. మొదటి నెలలో నేను దాన్ని అక్షరాలా పాటించాను. బ్లైండ్లు 5, 10. తలా 1,000 విలువ గల చిప్స్‌తో మొదలుపెట్టాం. ఒక ఆటలో డీలర్ బటన్ నా ముందు ఉండగా రెండు ఆసులు పడ్డాయి. నాకు ముందే ఇద్దరు పదేసి పెట్టి ఉన్నారు. చార్టు చెప్పినట్టు 30కి పెంచాను. మా ఎదురింటి విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, “ముప్పయ్యే కదా మాస్టారూ, మూడు ముక్కలు చూసేద్దాం” అని కలిశారు. బ్లైండ్లు పెట్టిన ఇద్దరూ, ముందే పదేసి పెట్టినవారిలో రెండోవారూ కూడా కలిశారు. అయిదుగురం ఫ్లాప్ (బల్ల మీద మొదట తెరిచే మూడు ఉమ్మడి ముక్కలు) చూశాం, పాట్ (మధ్యలో చేరిన పందెం) 150. తొమ్మిది, ఎనిమిది, ఆరు వచ్చాయి. ఆయన చేతిలో పది, ఏడు ఉన్నాయి, అంటే ఆరు నుంచి పది వరకు అయిదూ వరుసగా కుదిరి జత ఆసుల కంటే పెద్దవయ్యాయి. నా దగ్గర 600 పోయిన తరువాత గాని నేను ఆసులను వదల్లేదు.

తప్పు ఆయనది కాదు, ఆ ధరకు ఆయన రావడం సబబే. రెండు ఆసులు ఒక్కరి మీద నూటికి సుమారు 85 సార్లు గెలుస్తాయి. అదే నలుగురి మీద అయితే, వారికి ఏ ముక్కలైనా పడవచ్చనుకుంటే, సగటున సుమారు 56 సార్లే గెలుస్తాయి. రమ్మీ ఆడినవాళ్లకు ఇది మింగుడుపడని విషయం. రమ్మీలో చేతికి వచ్చిన సీక్వెన్స్ ఎందరు ఆడుతున్నా ఆట చివరిదాకా మనదే, దాని విలువ తరగదు. ఇక్కడ జత ఆసుల బలం కొత్తగా కలిసే ప్రతి మనిషితోనూ కరిగిపోతుంది. పైగా అవి 221 చేతులకు ఒకసారి పడతాయి. గంటకు పాతిక చేతుల చొప్పున మూడు గంటలు ఆడే మాకు అంటే, సుమారు మూడు ఆదివారాలకు ఒకసారి. అంత అరుదుగా వచ్చినప్పుడు అందరికీ ఫ్లాప్ చవగ్గా చూపించడం నాకు బాధ కలిగించింది.

ఇప్పుడు మూడు రెట్లకు తోడు, ముందే కలిసిన ప్రతి మనిషికీ ఒక బిగ్ బ్లైండ్ కలుపుతున్నాను. ఇద్దరు కలిసి ఉంటే 50. మా బల్ల మీద దానికీ ముగ్గురు వస్తున్నారని గమనించి 60, ఒక్కోసారి 70 కూడా పెడుతున్నాను. ఒకరో ఇద్దరో మిగిలితే చాలు. అందరూ వదిలేసినా నాకు చింత లేదు.

చార్టు చేసిన రెండో అన్యాయం అన్నిటినీ ఒకే గాట కట్టడం. జాకీల జత చూడటానికి గంభీరంగా ఉంటుంది, కాని ఫ్లాప్‌లో దాని కంటే పెద్ద ముక్క కనీసం ఒకటి నూటికి 57 సార్లు వస్తుంది. అలా వచ్చి, ఇద్దరు ముగ్గురు ఎదురుగా ఉండి, ఒకరు గట్టిగా పందెం పెడితే నేను జాకీలను వదిలేస్తున్నాను. ఆసు–కింగ్ అసలు జతే కాదు. మూడింట రెండుసార్లు ఫ్లాప్‌లో దానికి జత దొరకదు. అయినా మొదట పెంచడానికి అది చాలా మంచి చేయి, ఎందుకంటే ఒక ఆసు, ఒక కింగ్ మన దగ్గరే ఉండటం వల్ల ఎదుటివాడికి ఆసుల జత పడగల మార్గాలు ఆరు నుంచి మూడుకు, కింగ్‌ల జతవీ అలాగే మూడుకు తగ్గుతాయి. పెంచడం వేరు, ఏమీ తగలనప్పుడు దాన్ని పట్టుకుని వేలాడటం వేరు.

దుకాణదారు మర్యాదస్థుడు. చిల్లర చిప్స్ చాలడం లేదని చెబితే 5 విలువ గలవి 50 విడిగా 350 రూపాయలకు ఇచ్చాడు. కొనదలచినవారు వాటిని కూడా కలిపి అడగడం మంచిది. చార్టును మాత్రం కొత్తవాళ్ల చేతికి ఇవ్వవద్దని నా మనవి. ఏ జత దేని కంటే పెద్దదో పిల్లలకు చూపించడానికైతే అది సరిపోతుంది.