ఫ్లోరెన్స్‌లో నడకకు ఖర్చు లేదు, పడకకే దండగ

ఫ్లోరెన్స్ వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. ఆ ఊళ్లో ఇళ్లకు రెండు వరుసల నంబర్లు ఉంటాయి. నివాసాలకు నలుపు లేదా నీలం, దుకాణాలకు ఎరుపు. రెండూ ఒకే వీధిలో ఉంటాయి, దేని లెక్క దానిదే. నల్ల 23కూ ఎర్ర 23కూ మధ్య పది గుమ్మాలు ఉన్నా ఉండవచ్చు. ఎర్ర నంబరని తెలిసేలా చిరునామాలో అంకె పక్కన ‘ఆర్’ అనే అక్షరం చేరుస్తారు. మాకు గది అద్దెకిచ్చిన పెద్దమనిషి ఆ ఒక్క అక్షరం రాయలేదు. దాని ఖరీదు 30 యూరోలు.

మేము మిలాన్‌లో ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ చదువుతున్న నలుగురం. నేను, నా గదిలోనే ఉండే విజయవాడ స్నేహితుడు, హన్మకొండ అమ్మాయి, మా తరగతిలోని కోయంబత్తూరు అబ్బాయి. వేగవంతమైన రైలయితే రెండు గంటల లోపే చేరుస్తుంది. కానీ మేము ఆలస్యంగా చూసేసరికి టికెట్ మనిషికి 45 యూరోలు పలికింది. బస్సు 12.99కే దొరికింది. ఆ బస్సు ఊరి బయట విల్లా కొస్తాన్సా దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి ట్రామ్ 1.70. ఇంతవరకూ అంతా సుఖమే.

తాళం చెవులు ఒక సామాన్లు దాచే దుకాణంలో తీసుకోవాలన్నాడు. మేము పెట్టెలు ఈడ్చుకుంటూ నల్ల నంబరు గుమ్మం ముందు నిలబడి గంట కొడితే, రెండో అంతస్తు కిటికీలోంచి ఒక ముసలాయన తల బయటపెట్టాడు. ఒక్క మాట కూడా అడగకుండా వీధి చివరి వైపు వేలు చూపించి కిటికీ వేసేసుకున్నాడు. అంటే మాలాంటివాళ్లు ఆయనకు రోజూ తగులుతూనే ఉన్నారన్నమాట. దుకాణం దొరికేసరికి ఎనిమిది దాటింది. ఎనిమిది దాటితే ‘ఆలస్య రుసుము’ 30. దుప్పట్లకు తలకు 8 చొప్పున 32. శుభ్రం చేసినందుకు 60 ముందే కోసుకున్నారు. పైగా నగర పన్ను తలకు రాత్రికి ఇంతని నగదుగానే ఇవ్వాలట, రసీదు తర్వాత పంపుతాడట.

పన్ను నిజమైనదే, ఎవరైనా కట్టాల్సిందే. రసీదు లేకుండా ఎందుకు కట్టాలన్నది హన్మకొండ అమ్మాయి ప్రశ్న. తను పెట్టె మీద కూర్చుని, రసీదు వచ్చేవరకు కదిలేది లేదని తెలుగులోనే చెప్పింది. తర్వాత మేము ఇటాలియన్‌లో చెప్పాం గానీ, పని చేసింది మాత్రం తెలుగే. పది నిమిషాల్లో రసీదు పుస్తకం బయటికొచ్చింది.

ఇక గది. ప్రకటనలో ‘పదహారో శతాబ్దపు చారిత్రక భవనం’ అని ఉంది. అందులో అబద్ధం లేదు. లిఫ్టు లేని నాలుగో అంతస్తు, ఒక్కో మెట్టు మోకాలి ఎత్తు. లోపలికి వెళ్లి తల ఎత్తితే చెక్కతో గళ్లు గళ్లుగా చేసిన పాత పైకప్పు, గడికొక చెక్కిన పువ్వు. ఒకప్పుడు అది ఒకటే పెద్ద హాలు. దాన్ని జిప్సమ్ బోర్డు గోడతో అడ్డంగా రెండు చేశారు. ఆ గోడ సరిగ్గా ఒక పువ్వు నడిమధ్యలోంచి పోయింది. మూడు రేకులు మా గదిలో, మిగతావి పక్కవాళ్ల గదిలో. పక్కగదిలో ఎవరో పళ్లు తోముకుంటున్న చప్పుడు కూడా ఆ పువ్వు మీదుగానే వచ్చేది. దీన్ని మా ప్రొఫెసర్‌కు చూపిస్తే ఒక సెమిస్టరు పాఠం చెప్పేవారు. రాత్రికి 112 యూరోలు.

ఆ కోపం వల్లనేమో, పొద్దున ఏడింటికల్లా బయటపడిపోయేవాళ్లం. అదే మంచిదైంది. ఈ ఊరు చేరువ చేరువగా కట్టిన ఊరు. స్టేషన్ నుంచి సాంతా క్రోచె చర్చి దాకా మెల్లగా నడిచినా అరగంట. స్టేషన్‌నే ముందు చూడండి. ఆర్కిటెక్ట్ మికెలూచ్చి బృందం కట్టింది, 1935లో పూర్తయింది. అంత ఆధునికమైన భవనానికి బయట వేసింది మాత్రం ఈ ఊరి పాత భవంతులకు వాడిన పియెత్రా ఫోర్తె రాయే. ఎదురుగా ఉన్న సాంతా మరియా నొవెల్లా చర్చి వెనుక గోడలను, స్టేషన్ గోడను ఒక్క చూపులో చూస్తే ఎందుకలా చేశారో అర్థమవుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇన్నొచెంతి అనాథాశ్రమం ముందున్న వసారా. 1419లో ఆర్కిటెక్ట్ బ్రూనెలెస్కి మొదలుపెట్టాడు. స్తంభం ఎత్తు, స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం, వసారా లోతు, ఈ మూడూ ఒకటే కొలత అని చదువుకున్నాం: ఆనాటి కొలతలో పది బ్రాచ్చాలు, అంటే దాదాపు 5.84 మీటర్లు. కొలుద్దామని కూర్చున్నాం. మా టేపు అయిదు మీటర్లదే. కోయంబత్తూరు అబ్బాయి సుద్దముక్కతో గుర్తు పెట్టబోతే, ఆరొందల ఏళ్ల రాతి మీద సుద్ద గీస్తావా అని విజయవాడవాడు కసిరాడు. చివరికి బస్సు టికెట్ మడిచి గుర్తుగా పెట్టి రెండు విడతలుగా కొలిచాం. స్తంభాల మధ్య కొలతా, లోతూ సరిపోయాయి. స్లయిడ్‌లో చూసి తల ఊపిన విషయం నేల మీద మోకాళ్లూని కొలిచాక వేరేగా ఉంటుంది. ఆ చదరం పైన ఘనాకారపు గది, దాని మీద చిన్న గుమ్మటం, మళ్లీ అదే, మళ్లీ అదే. వసారాలో నడుస్తుంటే అడుగులు కూడా ఆ లెక్కకే పడతాయి.

వసారా ఎడమ చివర ఊచలున్న చిన్న కిటికీ ఉంది. పిల్లల్ని సాకలేనివాళ్లు 1875 వరకు అక్కడే వదిలి వెళ్లేవారు. మొదటి పాప 1445 ఫిబ్రవరి 5న వచ్చింది, అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. కమానుల మధ్య గుండ్రటి పలకల్లో పొత్తిగుడ్డల పిల్లలు కనిపిస్తారు, శిల్పి ఆంద్రేయా దెల్లా రొబ్బియా చేసినవి. వీటన్నిటికీ టికెట్ లేదు, వేళ లేదు.

టికెట్ల సంగతికి వస్తే, చాలామందికి తెలియని మాట చెబుతాను. ఇటలీలోగానీ, ఇతర యూరోపియన్ యూనియన్ దేశాల్లోగానీ ఆర్కిటెక్చర్ చదివేవాళ్లకు ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో ప్రవేశం ఉచితం. పౌరసత్వంతో పనిలేదు, చదువే ముఖ్యం. ఉఫీత్సీ, అకాదెమియా, బార్జెల్లో, పిత్తి భవనం, అన్నీ దాని కిందికే వస్తాయి. అయితే గుర్తింపు కార్డు చాలదు, ఆ ఏటి నమోదు ధ్రువపత్రం కావాలి. ఒక చోట కౌంటర్‌లో ఉన్నావిడ మా పాస్‌పోర్టులు చూడగానే ‘యూరోపియన్లకే’ అని తేల్చేసింది. నిబంధన ఆమె వెనుక గోడకే అతికించి ఉంది. వేలు పెట్టి చూపిస్తే తిరిగి చదివి, ధ్రువపత్రం ఏదని అడిగింది. విశ్వవిద్యాలయం సైటు నుంచి ఫోనులోకి దించి చూపించాం. క్షమించమని అనలేదు గానీ నాలుగు సున్నా టికెట్లు ఇచ్చింది. ఆ రోజు కోయంబత్తూరు అబ్బాయి సున్నా అని అచ్చయిన టికెట్‌ను పర్సులో దాచుకున్నాడు.

ఊరి పెద్ద చర్చి కతెద్రాల్ గుమ్మటానికి ఈ లెక్క వర్తించదు, అది ప్రభుత్వానిది కాదు. పాస్ 30 యూరోలు, సమయం ముందే ఎంచుకోవాలి, 463 మెట్లు. ఇద్దరమే ఎక్కాం. ఇది మాత్రం డబ్బుకు తగిన పనే. పైకి వెళ్లే దారి లోపలి గుమ్మటానికీ బయటి గుమ్మటానికీ మధ్య సందులో సాగుతుంది. అక్కడ ఇటుకలు చేతికి అందుతాయి. అడ్డంగా పేర్చిన వరుసల్లో ఉండుండి ఒక ఇటుక నిలువుగా నిలబడి ఉంటుంది. సున్నం ఆరే లోపల వాలుగా ఉన్న వరుస జారిపోకుండా ఆ నిలువు ఇటుకే పట్టి ఉంచుతుంది. నేల నుంచి చెక్క ఆసరా లేకుండా 1420 నుంచి 1436 మధ్య అంత గుమ్మటం ఎలా లేపారో, ఆ ఒక్క ఇటుక మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది. ఎక్కని ఇద్దరూ మెదిచి భవంతి గోడ కింద రాతి అరుగు మీద కూర్చున్నారు. ధనికులు తమ ఇంటి గోడ చుట్టూ దారినపోయేవాళ్లకు అరుగు కట్టించడం ఈ ఊరి ఆచారం, మన ఊళ్లలో వీధి అరుగులాగే. స్త్రొత్సి భవంతికీ ఉంది. కాఫీ దుకాణంలో కూర్చుంటే కాఫీ రేటు రెండింతలు, మూడింతలు అవుతుంది కాబట్టి ఈ అరుగులు గుర్తుపెట్టుకోండి.

సాన్ లొరెంత్సో చర్చి పక్కనున్న లౌరెన్సియన్ గ్రంథాలయం ఉదయం పూట దొరికింది. దాని ముందుగదిలో మికెలాంజెలో స్తంభాలను గోడ ముందు కాక గోడలోకి నొక్కి పెట్టాడు. కింద ఉన్న రాతి దన్నులు దేన్నీ మోయవు. ఆయన 1534లో ఊరు వదిలి మళ్లీ రాలేదు. మెట్లకు రోమ్ నుంచి మట్టి నమూనా పంపితే శిల్పి అమ్మన్నాతి 1559లో కట్టాడు. హన్మకొండ అమ్మాయికి ఈ గది నచ్చలేదు. ‘ఊపిరాడనట్టుంది’ అంది. నేను నచ్చిందన్నాను. మధ్యాహ్నం భోజనం దాకా ఆ వాదన తెగలేదు.

భోజనం సెంట్రల్ మార్కెట్ పై అంతస్తులో చేయకండి. వేయించిన వంకాయ ముక్కలు చిన్న పళ్లెం 9 యూరోలు. ఆ భవనాన్ని మాత్రం చూసి రండి, 1874 నాటి ఇనుము, గాజు. మిలాన్‌లో మేము రోజూ దాటే గలేరియా అనే గాజు కప్పు అంగళ్ల వీధి కట్టిన మెంగోనిదే ఇదీ. మేము తిన్నది నది అవతల, సాన్ ఫ్రెదియానో వైపు, పనివాళ్లు తినే చిన్న చోట. మా విజయవాడవాడు శాకాహారి. రిబొల్లితా అడిగాం: పాత రొట్టె, తెల్ల చిక్కుడు గింజలు, నల్ల కేల్ ఆకు వేసి మళ్లీ మళ్లీ మరిగించినది. మాంసం రసం పోశారా అని అడిగితే వంటామె గరిటెతోనే బయటికొచ్చి, పోయలేదని గిన్నె వంచి చూపించింది. ఇక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. మొదటి ముద్దకు అందరం ముఖాలు చూసుకున్నాం. పైన పచ్చి ఆలివ్ నూనె, మిరియాలు పడ్డాక మాట్లాడకుండా తిన్నాం. మనిషికి 8, కూర్చున్నందుకు 1.50. మర్నాడూ అక్కడికే వెళ్లాం, ఈసారి ఆమె అడగకుండానే ఎండు మిరపకాయలు తెచ్చి పెట్టింది.

నీళ్ల సీసాలు కొనకండి. సిన్యోరియా కూడలిలో నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గర నగరం పెట్టిన కుళాయి ఉంది, సోడా నీళ్లు కూడా ఉచితమే. వంతెనల్లో పొంతె వెక్కియో మీద నిలబడటం కంటే సాంతా త్రినితా మీద నిలబడి దాన్ని చూడటం మేలు. 1944లో జర్మన్లు సాంతా త్రినితాను పేల్చేశారు. నదిలోంచి పాత రాళ్లు ఏరి 1958 నాటికి మళ్లీ కట్టారు.

వచ్చేముందు అద్దెకిచ్చినాయనకు మర్యాదగానే రాశాం, మీ చిరునామాలో అక్షరం తప్పింది, 30 తిరిగివ్వండని. మేము పెట్టిన సమీక్ష తీసేస్తే ఇస్తానన్నాడు. ముగ్గురం ఒప్పుకునేవాళ్లమే, హన్మకొండ అమ్మాయి ససేమిరా అంది. సమీక్ష అలాగే ఉంది. గది తీసుకునేముందు ప్రకటనలో అద్దె గదులకిచ్చే జాతీయ గుర్తింపు సంఖ్య ఉందో లేదో చూడండి, 2025 నుంచి అది తప్పనిసరి. ఇంకా మంచి ఉపాయం, పక్క ఊరు ప్రాతోలో ఉండండి. రైలులో అరగంట లోపే, గదులు చవక. పైగా అక్కడ జూలియానో దా సంగాల్లో 1485లో మొదలుపెట్టిన సాంతా మరియా దెల్లె కార్చెరి చర్చి ఉంది, నాలుగు చేతులూ సమానమైన సిలువ ఆకారం. మేము తిరుగు ప్రయాణంలో గంటసేపు ఆగి చూశాం. లౌరెన్సియన్‌లో ఊపిరాడని మా అమ్మాయి ఇక్కడ స్కెచ్ పుస్తకం తీసింది. బస్సు వేళయిందని ముగ్గురం లాక్కురావలసి వచ్చింది.