బోర్డు మీద కింగ్ సాల్మన్, పెట్టెలో నార్వే సాల్మన్

మా మనవరాలు సెలవులకి వస్తోందంటే సాల్మన్ కోసం ఊరంతా వెతకడం నాకు మూడేళ్ళుగా అలవాటు. కెనడాలో పుట్టి పెరిగిన పిల్ల. కొరమేను ముల్లు తీసి నోట్లో పెట్టినా మొహం తిప్పేస్తుంది, సాల్మన్ అయితే అడిగి మరీ పెట్టించుకుంటుంది. మేముండేది నల్లకుంటలో. రామ్‌నగర్ చేపల మార్కెట్ దగ్గరే, ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఆదివారం అక్కడే కొంటున్నాం. బొచ్చె, రాగండి, కొరమేను, రొయ్యలు అన్నీ ఉంటాయి, సాల్మన్ మాత్రం ఉండదు. ఒకాయన ‘ఇండియన్ సాల్మన్’ అని అమ్ముతాడు, అది మన మాగ. మంచి చేపే, రుచికి వంక పెట్టడానికి లేదు. కాకపోతే సాల్మన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు.

అందుకని ఈ జూన్‌లో, మృగశిర కార్తెకి రెండు రోజుల ముందు, జూబ్లీహిల్స్‌లో దిగుమతి చేపలు అమ్మే ఒక దుకాణానికి వెళ్ళాను. పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే తప్పు ఆ ఒక్క చోటే జరుగుతోందని నేననుకోను. చదివేవాళ్ళకి దుకాణం పేరు కంటే చేపని గుర్తుపట్టడం తెలిస్తే ఎక్కువ పనికొస్తుంది.

ముందు బాగున్నవి చెప్పాలి. లోపలికి అడుగు పెడితే నీచు వాసన లేదు. ఐసు కరిగి మడుగు కట్టకుండా ఎప్పటికప్పుడు కొత్తది పోస్తున్నారు. ఇక కోసే కుర్రాడి చేతి పని చూసి తీరాలి. ఫిల్లెట్‌ని బోర్లించిన గిన్నె మీద పరిచాడు. అలా పరిస్తే కండ వంగి లోపలి సన్న ముళ్ళ మొనలు పైకి లేస్తాయి. మధ్య గీత వెంట వేలు రాస్తూ పోయి, తగిలిన ముల్లునల్లా పట్టకారుతో, అది వాలిన వైపుకే లాగాడు. కండ ఎక్కడా చిరగలేదు. ఇంటికొచ్చాక నేను మళ్ళీ తడిమి చూశాను, ఒక్క ముల్లు కూడా చేతికి తగల్లేదు. థర్మకోల్ డబ్బాలో కిందా పైనా ఐసు ప్యాకెట్లు పెట్టి ఇచ్చారు. పంజాగుట్ట ట్రాఫిక్‌లో గంట పైన ఇరుక్కున్నా చల్లదనం తగ్గలేదు. ఫిల్లెట్ కిలో 3,200 రూపాయలు, తలకాయ ఒక్కోటి 250. ఫిల్లెట్ ధర ఎక్కువే. తలకాయ ధర మాత్రం న్యాయం.

నాకు అభ్యంతరమల్లా బోర్డుతోనే. గాజు పెట్టె మీద తెల్ల మార్కరుతో ‘వైల్డ్ కింగ్ సాల్మన్, కెనడా’ అని రాసి ఉంది. కింగ్ సాల్మన్ అంటే చినూక్, పసిఫిక్ సముద్రపు సాల్మన్లలో అన్నిటికంటే పెద్ద రకం. ఆ పేరు చదవగానే నేను కొనడం ఆపేశాను.

“బాబూ, ఇది నిజంగా చినూకేనా?” అని అడిగితే కుర్రాడు, “ఏమో మేడమ్, మాకు ఇట్లనే చెప్పిన్రు,” అన్నాడు. పక్కన ట్రేలో పులుసుకి అమ్మే తలకాయలున్నాయి. ఒకటి ఇటివ్వమని తీసుకుని, రెండు బొటనవేళ్ళతో నోరు తెరిచాను. చినూక్‌కి కింది దవడ పళ్ళ చుట్టూ చిగురు నల్లగా, సిరా పూసినట్టు ఉంటుంది. అక్కడి గాలాలవాళ్ళు దాన్ని ‘నల్లనోరు’ అనే పేరుతో పిలవడం నేను స్వయంగా విన్నాను. ఈ తలకాయలో చిగురు పాలిపోయి ఉంది. మొప్ప మీది కప్పు తిప్పి చూశాను. దాని మీద నాలుగైదు పెద్ద నల్ల మచ్చలు. అది అట్లాంటిక్ సాల్మన్ గుర్తు. కండలో తెల్ల కొవ్వు గీతలు కూడా వెడల్పుగా ఉన్నాయి, తొట్టెల్లోనో వలల్లోనో మేపిన చేపకి అలాగే ఉంటాయి.

ఇంతలో మేనేజరు వచ్చాడు. నేను మొదలుపెట్టింది తగవు కాదని తెలిశాక లోపలి నుంచి థర్మకోల్ పెట్టె మూత తెప్పించాడు. మూత మీది కాగితంలో నార్వే అనీ, పెంపకపు చేప అనీ, శాస్త్రీయ నామం ‘సాల్మో సలార్’ అనీ స్పష్టంగా ఉంది. “కస్టమర్లు కింగ్ అంటేనే కొంటున్నరు మేడమ్,” అన్నాడాయన.

నాకు కోపం వచ్చింది. పేరు మార్చి డబ్బు తీసుకోవడం మోసమే. కానీ అంతకు మించి, అది చినూక్ కాదని తెలిశాక గుండె తేలికపడింది. అందుకే ఈ సంగతి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

2023 ఆగస్టులో మా అబ్బాయి దగ్గరికి, కెనడా పసిఫిక్ తీరంలోని విక్టోరియా వెళ్ళాం. వాళ్ళ పక్కింటి పెద్దాయనకి చిన్న పడవ ఉంది. మమ్మల్ని సాల్మన్ పట్టడానికి తీసుకెళ్తానని అంతకుముందు ఏడాదే మాటిచ్చాడు. లైసెన్సు తీసుకున్నాడు. మాకు గాలం కూడా చూపించాడు. దాని మొనకి వెనక్కి తిరిగిన ముల్లు ఉండదు, అక్కడ సాల్మన్‌కి అలాంటి గాలమే వాడాలి, వదిలేయాల్సిన చేప నోరు చీలకుండా. చినూక్ పట్టి ఉంచుకుంటే ఆ క్షణమే లైసెన్సులో రాయాలి. ఇన్నీ పాటించే మనిషి, తీరా మేం వెళ్ళేసరికి, ‘ఆ వైపు మూసేశారు’ అని చేతులు జారవిడిచాడు. విక్టోరియా దగ్గరి గల్ఫ్ దీవుల చుట్టుపక్కల కొన్ని చోట్ల ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్, వచ్చాయని నిర్ధారణ అయిన దగ్గర్నుంచి సీజను ముగిసేదాకా సాల్మన్‌కి గాలం వేయకూడదు. జువాన్ డి ఫ్యూకా జలసంధిలోనూ కొంత భాగం వేసవిలో మూసేస్తారు. సరదా వేటకీ, వ్యాపారపు వేటకీ కూడా.

పెద్దాయన చాలా బాధపడ్డాడు. “ఏళ్ళ తరబడి డ్యాములు కట్టారు, అడవులు కొట్టి వాగులు పాడుచేశారు, పెద్ద ఓడలు రాత్రీ పగలూ మోత పెడతాయి. మేం పట్టేది ఎంత?” అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. పర్యాటకుల్ని పడవల్లో తిప్పి బతికేవాళ్ళకి ఇది జీవనోపాధి కూడా. హేచరీలో పెంచి వదిలిన చేపల్లో చాలావాటికి తోక దగ్గరుండే చిన్న కండ రెక్క కత్తిరించి ఉంటుంది కదా, వాటినైనా పట్టుకోనివ్వమని అక్కడివాళ్ళు అడుగుతున్నారు. అది వినదగ్గ మాటే.

ఆ వారంలోనే స్వార్ట్జ్ బే నుంచి ఫెర్రీ ఎక్కి సాటర్నా దీవికి వెళ్ళాం. తూర్పు కొన దగ్గర ఎండిన గడ్డి, సముద్రం వైపు తొర్రలు పడ్డ రాళ్ళు. అక్కడి నీళ్ళు అభయారణ్యం లాంటివి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా పడవలు రాకూడదు. మేం రాళ్ళ మీద కూర్చుని ఉన్నాం. ముందు కనిపించలేదు, వినిపించింది. కుక్కర్ ఆవిరి ఒక్కసారి వదిలినట్టు పెద్ద ఊపిరి. ఆ తర్వాత నల్లటి రెక్క లేచింది, మగదాని రెక్క దాదాపు నిలువెత్తు మనిషంత ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి తీరానికి ఎంత దగ్గరగా వెళ్ళాయంటే, కన్ను పక్కనున్న తెల్ల మచ్చ మీద నీళ్ళు జారడం నాకు కనిపించింది. బైనాక్యులర్ పట్టుకున్న ఒకావిడ అవి చేపలు తినే గుంపేనని చెప్పింది.

ఈ ‘చేపలు తినే’ అన్న మాటే ముఖ్యం. ఆ నీళ్ళలో ఓర్కాలు రెండు రకాలు తిరుగుతాయి. ఒక రకం సీళ్ళని తింటుంది, వాటికి తిండికి కరువు లేదు. రెండో రకం మేం చూసినవి, ‘దక్షిణపు స్థానిక ఓర్కాలు’ (సదరన్ రెసిడెంట్స్) అంటారు, చేపలే తింటాయి. వేసవిలో వాటి తిండిలో పెద్ద వాటా చినూక్‌దే. పక్కన వేరే సాల్మన్ ఈదుతున్నా చినూక్‌నే ఏరుకుంటాయి. చీకటి నీళ్ళలో శబ్దం పంపి, అది తిరిగొచ్చే తీరుని బట్టి పోల్చుకుంటాయి. పడవ ఇంజను మోతలో ఆ ప్రతిధ్వని మునిగిపోతుంది. అందుకే కెనడాలో 2019లో వీటికి 400 మీటర్ల లోపు పోకూడదన్నారు, అమెరికా వైపు వాషింగ్టన్ రాష్ట్రంలో 2025 జనవరి నుంచి వెయ్యి గజాలు. వెయ్యి మీటర్ల లోపు కనిపిస్తే వేట ఆపమని గాలాలవాళ్ళని అడుగుతారు, చేపల్ని చూపించే సోనార్ యంత్రాన్ని కూడా కట్టేయమంటారు.

అవి ఇప్పుడు 75కి అటూ ఇటూగా మిగిలాయి. 1990ల మధ్యలో వందకి దగ్గరగా ఉండేవి. అంతకుముందు 1960, 70ల్లో పిల్లల్ని పదుల సంఖ్యలో పట్టి వినోద పార్కులకి అమ్మేశారు. 1970లో అలా పట్టిన ఒకటి మయామీలో కొలనులోనే బతికి 2023 ఆగస్టులో, మేం అక్కడ ఉన్న నెలలోనే, చచ్చిపోయింది. 2018లో ఒక తల్లి ఓర్కా చనిపోయిన బిడ్డని 17 రోజులు నీళ్ళ మీద మోసుకు తిరిగింది. అదే తల్లి 2025 జనవరిలో మళ్ళీ అలాగే మోసింది.

నన్ను పట్టేసిన సంగతి ఇంకోటి ఉంది. ఈ గుంపుల్లో ఆడవి పిల్లల్ని కనే వయసు దాటాక కూడా చాలా ఏళ్ళు బతుకుతాయి. చినూక్ తక్కువగా ఉన్న ఏడాదిలో, చేపలున్న చోటికి ముందు నడిచేది ఆ ముసలివే. దొరికిన చేపని కొరికి ఇంట్లో వాళ్ళకి పంచుతాయి. అమ్మమ్మ పోయిన తర్వాత గుంపులో పిల్లలు బతికే అవకాశం తగ్గుతుందని శాస్త్రవేత్తలు గమనించారు. నేనూ మనవరాలికి సాల్మన్ వెతుక్కుంటూ జూబ్లీహిల్స్ దాకా వెళ్ళినదాన్నే. అది లేకపోతే నాకు కొరమేను ఉంది, కోడిగుడ్డు ఉంది, పప్పు ఉంది. వాటికి పెద్ద దిక్కు చినూకే.

పెద్దాయనకి ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. తర్వాత మా అబ్బాయితో చెప్పించాను. మాది రాజమండ్రి. సముద్రం నుంచి గోదారి ఎదురెక్కి వచ్చే పులస మాకు తెలుసు. సాల్మన్ కూడా అంతే, పుట్టిన నది వెతుక్కుంటూ వస్తుంది. చిన్నప్పుడు వరద నీళ్ళు వచ్చాయంటే మా నాన్న పులస తెచ్చేవారు, అదేమీ పండగ కాదు. ఇప్పుడు ఒక్క చేప వేలకి వేలు పలుకుతోంది, ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న సామెత నిజమయ్యే రోజులొచ్చాయి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. గుడ్లు పెట్టే కాలమని. పూట గడవడం కష్టమైనా మన మత్స్యకారులు పడవలు ఒడ్డున కట్టేస్తున్నారు. సరదాకి వేసే గాలం కొన్ని నెలలు పక్కన పెట్టడం అంతకంటే కష్టమా? డ్యాము రేపు పొద్దున కూలదు, వాగు మళ్ళీ చెట్లు మొలిచి చల్లబడటానికి ఏళ్ళు పడుతుంది. గాలం మాత్రం ఈ సాయంత్రమే తీసేయొచ్చు. మూసివేత న్యాయమేనని నా గట్టి నమ్మకం.

ఇక దుకాణం సంగతి. ‘వైల్డ్ కింగ్’ అని రాస్తే ఇంకో వంద మంది అదే కావాలని అడుగుతారు, అప్పుడు ఎవరో ఒకరు నిజంగానే తెస్తారు. ఇదంతా మేనేజరుకి చెప్పాను. ఓర్కాల సంగతి కుర్రాడు నోరు తెరుచుకుని విన్నాడు. “ఒక్కటి రోజుకెన్ని తింటదమ్మా?” అని అడిగాడు. పెద్దదానికి సుమారు ఇరవై చేపలు కావాలన్నాను. నార్వే చేపకీ లోపాలు లేకపోలేదు. సముద్రంలో వల పంజరాల్లో పెంచితే పేలు పట్టి అడవి చేపలకీ అంటుకుంటాయి. కెనడా తన పసిఫిక్ తీరంలో అలాంటి పెంపకాన్ని 2029 జూన్ 30 కల్లా ఆపేయాలని నిర్ణయించింది. ఇవన్నీ తెలిసి కొంటున్నాను, పిల్ల ఉన్న నెలలో రెండే రెండుసార్లు.

వంట సంగతి అడుగుతారని చెబుతున్నాను. ఫిల్లెట్‌ని పులుసు పెట్టకండి. చింతపండులో కొవ్వంతా విడిపోయి పైన నూనె తేలుతుంది, ముక్క పిండి పిండిగా అయిపోతుంది. పసుపు, కారం, ఉప్పు, కాస్త అల్లం వెల్లుల్లి రాసి, తోలు వైపు పెనానికి ఆనించి వేయించండి. మూడొంతులు అలాగే ఉడకనిచ్చి ఆఖర్న తిప్పాలి. తలకాయ పులుసు మాత్రం బ్రహ్మాండం. మెంతులు వేయించి పొడి కొట్టి, బెండకాయలు వేసి, సన్న సెగ మీద ఉంచి మర్నాడు తినాలి. చెంప కండ ఎవరికి వేయాలా అని మా ఇంట్లో పోటీ.

పదిహేను రోజులయ్యాక మళ్ళీ వెళ్ళాను. బోర్డు తుడిచేసి ‘నార్వే సాల్మన్, పెంపకపు చేప’ అని రాశారు. ధర కిలోకి 200 తగ్గించారు కూడా. ఫ్రీజర్ తలుపు మీది పాత స్టిక్కరులో ‘వైల్డ్’ అన్న మాట ఇంకా ఉంది. చూపించాను, తీసేస్తామన్నారు. రెండు తలకాయలు, అరకిలో ఫిల్లెట్ తీసుకున్నాను. మీరు వెళ్తే పెట్టె మూత చూపించమని అడగండి, విసుక్కోకుండా చూపిస్తారు. ఆదివారం మాత్రం వెళ్ళకండి, బండి పెట్టుకోవడానికి చోటుండదు.