స్టాట్ మెక్: లెక్కపెట్టడంతో మొదలా, పార్టిషన్ ఫంక్షన్‌తోనా? ఏది మేలు?

డిగ్రీలో స్టాటిస్టికల్ మెకానిక్స్ (లెక్కలేనన్ని కణాల ప్రవర్తన నుంచి వేడి, టెంపరేచర్ లాంటివి రాబట్టే భౌతికశాస్త్ర భాగం) చదవబోయేవాళ్లు ఏ పుస్తకం మంచిదని అడుగుతారు, కానీ ముందు తేల్చుకోవాల్సింది ఏ దారిలో వెళ్లాలన్నది. శక్తి ఇంతే అని బిగించేసిన వ్యవస్థలో మైక్రోస్టేట్లు, అంటే ఆ శక్తిని కణాలు పంచుకోగల అమరికలు, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం ఒక దారి. నేరుగా పార్టిషన్ ఫంక్షన్ (ఒక్కో స్థితికి దాని శక్తిని బట్టి వచ్చే వెయిట్లన్నీ కూడిన మొత్తం) రాసేసి, దాని లాగరిథమ్‌ని డిఫరెన్షియేట్ చేసుకుంటూ పోవడం ఇంకో దారి.

నేను రెండో దారిలో మొదలుపెట్టాను. లెక్కలు వచ్చాయి, మార్కులూ వచ్చాయి, కానీ టెంపరేచర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఆ జవాబు ఒక చిన్న లెక్కలో దొరికింది. మూడేసి ఆసిలేటర్లు (శక్తిని కంపనంగా దాచుకునేవి) ఉన్న ఘనపదార్థాలు రెండు తీసుకుని, రెండింటికీ కలిపి 6 క్వాంటాల (ముక్కలు చేయలేని సమాన పొట్లాల) శక్తి ఇవ్వండి. మొత్తం అమరికలు 462. శక్తంతా మొదటిదాంట్లోనే ఉండేవి 28, చెరి మూడు పంచుకున్నవి 100. ఆసిలేటర్లనీ క్వాంటాలనీ వేలల్లోకి పెంచుతూ పోతే సమంగా పంచుకున్న చోట ఉండే శిఖరం సూదిలా సన్నబడిపోతుంది, వేడి ఎటు పోతుందో, ఎందుకు వెనక్కి రాదో అక్కడే కనిపిస్తుంది. 1877లో భౌతికశాస్త్రవేత్త బోల్ట్స్‌మన్ ఎంట్రోపీని అమరికల సంఖ్యతో ముడిపెట్టింది ఇందుకే. శక్తి కాస్త పెరిగితే ఎంట్రోపీ ఎంత పెరుగుతుందో చూడండి, దాన్ని తిరగేస్తే టెంపరేచర్. అంతే!

అయితే ఈ దారిలో ఎక్కువ దూరం పోలేం. అడుగడుగునా స్టిర్లింగ్ ఉజ్జాయింపు (పెద్ద ఫ్యాక్టోరియల్స్‌ని అంచనా వేసే సూత్రం), ఆదర్శ వాయువుకైతే 3ఎన్ (ఎన్ అంటే కణాల సంఖ్య) డైమెన్షన్ల గోళం ఘనపరిమాణం కావాలి. అదే పార్టిషన్ ఫంక్షన్‌తో గాసియన్ ఇంటిగ్రల్స్ చాలు, హార్మోనిక్ ఆసిలేటర్ అయితే ఒక గుణశ్రేఢి మొత్తం, రెండు లైన్లలో అయిపోతుంది. పైగా మనం చూసే వస్తువులేవీ శక్తిని బిగించుకుని కూర్చోవు, చుట్టుపక్కలతో ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి.

కాబట్టి నా మాట: మొదటి రెండు వారాలు పెన్నూ కాగితం పెట్టుకుని లెక్కపెట్టండి. చిన్న వ్యవస్థ కొంత శక్తి తీసుకుంటే దాని చుట్టూ ఉండి శక్తి ఇచ్చిపుచ్చుకునే పెద్ద రిజర్వాయర్‌ ఎంట్రోపీ ఎంత తగ్గుతుందో మీరే రాయండి, బోల్ట్స్‌మన్ ఫ్యాక్టర్ (పార్టిషన్ ఫంక్షన్‌లో కూడే వెయిట్ ఇదే) దానంతటదే బయటికొస్తుంది. ఆ ఒక్క పేజీ దాటాక ఇక పార్టిషన్ ఫంక్షన్‌తోనే ఉండిపోండి. పరీక్ష పది రోజుల్లో ఉంటే మాత్రం నేరుగా రెండో దారే పట్టండి, లెక్కపెట్టడం సెలవుల్లో చేయొచ్చు, కానీ తప్పకుండా చేయండి.