రైలు మాటలు వినడానికి 25 డాలర్ల రేడియో: కొన్నేళ్ళు వాడాక చెప్తున్న మాట

బావోఫెంగ్ యూవీ-5ఆర్ అనే చేతి వాకీటాకీ కొనచ్చా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి, ఆర్నెల్లు ఏం తోచక గూడ్సు బండ్లకి వ్యాగన్లు లెక్కపెట్టుకునే నాలాంటివాళ్ళకి అది చాలు. హైదరాబాద్‌లో రైల్వేవాళ్ళ మాటలు వినడానికి మాత్రం అదీ వద్దు, ఇంకోటీ వద్దు. ఎందుకో కింద రాస్తాను.

నేను దక్షిణ మధ్య రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఉండేది మెట్టుగూడ. మా అమ్మాయివాళ్ళు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. ఊళ్ళోంచే బీఎన్ఎస్ఎఫ్ అనే రైలు కంపెనీ లైను పోతుంది. అసలు ఊరికి ఆ పేరు పెట్టిందే పాత సెయింట్ లూయిస్-శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేని బట్టి. నేను పొద్దస్తమానం పట్టాల వైపే చూస్తున్నానని అల్లుడు ఈ సెట్టు తెప్పించాడు. ధర 25 డాలర్లు అటూ ఇటూ. వెళ్ళినప్పుడల్లా అదే వాడుతున్నాను. ఇక్కడ ఇంట్లో హామ్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళకిచ్చే) లైసెన్సు మీద తీసుకున్న అదే మోడల్ సెట్టు ఇంకోటి ఉంది.

అమెరికా రైల్వేలు ఇప్పటికీ చాలావరకు మామూలు ఎఫ్‌ఎం పద్ధతిలోనే మాట్లాడుకుంటాయి. 160.215 నుంచి 161.565 మెగాహెర్ట్జ్ దాకా, 7 నుంచి 97 వరకు నంబర్లతో పాత ఛానెళ్ళు ఉన్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ ఎడం 15 కిలోహెర్ట్జ్. యూవీ-5ఆర్ 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది కాబట్టి ఇవన్నీ దానికి అందుతాయి. ఆ ఛానెళ్ళ మధ్యలో కొత్తగా వచ్చిన సన్న ఛానెళ్ళు కూడా 2.5 కిలోహెర్ట్జ్ స్టెప్ పెట్టుకుంటే దొరుకుతాయి. ఛానెళ్ళు దాచుకునే మెమరీలు 128. అంటే పాత ఛానెళ్ళు 91 కూడా నింపేసి ఇంకా చోటు మిగులుతుంది.

నింపగలిగినా నింపొద్దు. ఈ సెట్టుకి స్కానింగ్ చాలా నెమ్మది, సెకనుకి మూడు ఛానెళ్ళు తిప్పితే గొప్ప. 91 ఛానెళ్ళు ఒక చుట్టు తిరిగి రావడానికి అర నిమిషం పడుతుంది. ఈలోపు డ్రైవరు అన్న రెండు ముక్కలూ అయిపోతాయి. రేడియో రిఫరెన్స్ సైట్‌లో మీ ఊరి మీదుగా పోయే లైనుకి ఏ ఛానెల్ వాడుతున్నారో చూసి, ఐదారు మాత్రం పెట్టుకోండి. నేను స్క్రీన్ మీద పైన రోడ్ ఛానెల్ (లైను మీది బండ్లు మాట్లాడేది), కింద డిస్పాచర్ (మన సెక్షన్ కంట్రోలర్ లాంటివాడు) ఛానెల్ పెట్టి, రెండూ వినే డ్యూయల్ వాచ్ మీద వదిలేస్తాను. స్కాన్ బటన్ జోలికి పోయి చాలాకాలమైంది.

కొన్నరోజే చేయాల్సిన పని ఒకటుంది. ఇది వినడానికే కాదు, మాట్లాడటానికీ చేసిన సెట్టు. జేబులో పెట్టుకున్నప్పుడో, మనవడు లాక్కున్నప్పుడో పక్క బటన్ నొక్కుకుపోయిందంటే, బండి నడుపుతున్న మనిషి వినాల్సిన మాట మీద మన గోల పడుతుంది. అది నేరం, అంతకు మించి ప్రమాదం. చిర్ప్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. దాంట్లో ఒక్కో ఛానెల్‌కి డ్యూప్లెక్స్ అన్న గడిలో 'ఆఫ్' పెట్టేస్తే ఆ ఛానెల్ మీద ఎంత నొక్కినా గాలిలోకి ఏమీ పోదు. ఫ్రీక్వెన్సీ అంకెలు నేరుగా కొట్టుకునే ఫ్రీక్వెన్సీ మోడ్‌లో ఈ రక్షణ ఉండదు కాబట్టి సెట్టుని ఎప్పుడూ ఛానెల్ మోడ్‌లోనే ఉంచండి. కంప్యూటర్‌కి కలిపే కేబుల్ విషయంలో కక్కుర్తి పడొద్దు. చవక కేబుళ్ళలో నకిలీ ప్రొలిఫిక్ చిప్ ఉంటుంది, విండోస్ దాన్ని గుర్తుపట్టనంటుంది. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది తీసుకుంటే తలనొప్పి ఉండదు.

ఇక యాంటెన్నా. సెట్టుతో వచ్చే పొట్టి యాంటెన్నా గురించి మంచి మాట ఒక్కటి కూడా దొరకడం లేదు. ఇంట్లో కూర్చుంటే దాంతో ఇంజను మాట కొంచెం వినపడుతుంది, డిస్పాచర్ మాట గొరగొరలో కలిసిపోతుంది. మూరకి కాస్త తక్కువ పొడుగున్న నాగోయా ఎన్ఏ-771 యాంటెన్నా బిగించాక అదే కుర్చీలో డిస్పాచర్ అంకెలు విడివిడిగా వినిపించాయి. ఆ పేరుతో నకిలీవి బోలెడు తిరుగుతున్నాయి. ఒక ఆన్‌లైన్ దుకాణం నాకు పంపిన మొదటిది వాటిలోదే, మర బిగుసుకోకుండా వదులుగా తిరిగేది. కొనేటప్పుడు దాని మర ఎస్ఎంఏ-ఫీమేల్ రకమని చూసుకోండి, ఈ సెట్టుకి అదే పడుతుంది. ఈ యాంటెన్నాని చేసింది హామ్ బ్యాండ్ కోసం. 161 మెగాహెర్ట్జ్‌కి సరిగ్గా కుదరాలంటే యాంటెన్నా ఆ తరంగం పొడవులో పావు వంతు, అంటే సుమారు 46 సెంటీమీటర్లు ఉండాలి. వినడం వరకే కాబట్టి ఆ తేడా నన్ను ఇబ్బంది పెట్టలేదు.

అయితే పెద్ద యాంటెన్నా పెడితే అన్నీ బాగుపడతాయనుకోకండి. మెట్టుగూడలో డాబా మీది యాంటెన్నాని ఇక్కడి సెట్టుకి తగిలిస్తే, చుట్టుపక్కల ట్రాన్స్‌మిటర్ల జోరుకి దానికి చెవుడు వస్తుంది. చేతి యాంటెన్నాతో వినపడే హామ్ మిత్రుడు డాబా యాంటెన్నాతో వినపడడు. ఈ ధరలో లోపల పెట్టే చిప్‌కి ఫిల్టర్లు అంతంతమాత్రం.

చిరాకులు ఇంకా ఉన్నాయి. ఆన్ చేసి ఏ బటన్ నొక్కినా ఒకావిడ గట్టిగా ఇంగ్లిష్‌లో ప్రకటనలు చేస్తుంది. 14వ మెనూలో ఆవిణ్ణి ఆపేయచ్చు. ఇయర్‌ఫోన్ పెట్టే చోట రబ్బరు మూత త్వరగా ఊడిపోతుంది. బెల్టు క్లిప్పు మరలు వదులవుతాయి. ఛార్జింగ్ దాని స్టాండులో పెడితేనే. 1800 ఎంఏహెచ్ బ్యాటరీ మాత్రం వినడానికే వాడితే పొద్దున్నుంచి రాత్రిదాకా వస్తుంది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇంతకీ వినపడేదేమిటి? నాకు అన్నిటికంటే నచ్చేది ట్రాక్ వారంట్. సిగ్నళ్ళు లేని లైన్లలో బండి ముందుకు పోవడానికి డిస్పాచర్ రేడియోలోనే అనుమతి చదువుతాడు. డ్రైవరు పక్కన కండక్టరు రాసుకుని, అక్షరం పొల్లుపోకుండా తిరిగి చదువుతాడు. అంకెలు విడివిడిగా పలుకుతారు. అంతా సరిపోయాక డిస్పాచర్ 'ఓకే' అని టైము చెప్పి తన పేరులో పొడి అక్షరాలు ఇస్తాడు. అప్పటిదాకా ఆ కాగితం చెల్లదు. గేట్‌మన్‌తో, పక్క స్టేషన్‌తో ప్రైవేట్ నంబర్లు (మాట ఖాయమనడానికి ఇచ్చిపుచ్చుకునే రహస్య అంకెలు) మార్చుకుని బతికినవాణ్ణి, ఆ తిరిగి చదవడం వింటే నాకు కొత్తగా నేర్చుకునేదేమీ లేదనిపిస్తుంది. ఇంకోటి, పట్టాల పక్కన పెట్టిన డిటెక్టర్లు. బండి దాటగానే మైలురాయి నంబరు, లోపాలు లేవు, ఇరుసులు ఇన్ని అని మెషీన్ గొంతు చదివేస్తుంది. నా వ్యాగన్ల లెక్క సరిపోయిందో లేదో అక్కడే తేలిపోతుంది.

అక్కడ గూడ్సుకి గార్డు ఉండడు (మన దగ్గర 2022 నుంచి ఆయన్ని ట్రైన్ మేనేజర్ అనాలి, నా నోరు తిరగదు). చివరి వ్యాగన్‌కి ఒక పెట్టె తగిలిస్తారు. బ్రేకు పైపులో గాలి ఎంతుందో అది 457.9375 మెగాహెర్ట్జ్‌లో ఇంజనుకి పంపుతూ ఉంటుంది. ఈ సెట్టుకి యూహెచ్ఎఫ్ (ఇలాంటి పై ఫ్రీక్వెన్సీలు) కూడా ఉంది కాబట్టి అదీ ఒక మెమరీలో పెట్టుకోండి. చిర్రుమని చిన్న ముక్కలు వినపడ్డాయంటే బండి దగ్గర్లో ఉన్నట్టే. కూత వినపడకముందే కెమెరా తీసుకుని బయల్దేరచ్చు.

కారులో ఊళ్ళు తిరుగుతూ వినాలనుకుంటే యూవీ-5ఆర్ వద్దు, స్కానర్ (వినడానికి మాత్రమే చేసిన రేడియో) కొనండి. యూనిడెన్ బీసీ125ఏటీకి ధర ఎన్నో రెట్లు. కానీ స్కానింగ్ వేగంలో పోలికే లేదు, రైల్వే ఛానెళ్ళు ముందే వేరే వరసలో పెట్టి ఉంటాయి, మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. పైగా దాంట్లో మాట్లాడే బటనే లేదు, కాబట్టి ఆ టెన్షన్ ఉండదు. ఫ్లోరిడా, ఇండియానా, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి, బయల్దేరే ముందు చూసుకోండి. చవకలోనే ఇంకోటి కావాలంటే క్వాన్‌షెంగ్ యూవీ-కే5 ఉంది. టైప్-సీ ఛార్జింగ్, ఔత్సాహికులు రాసిన ఫర్మ్‌వేర్ (సెట్టు లోపలి సాఫ్ట్‌వేర్) దానికి అదనపు బలం. మా అల్లుడి దగ్గరున్నది చూశాను. ఇవాళ కొత్తగా కొనేవాళ్ళయితే అదే తీసుకోమంటాను.

ఇక మన ఊరు. లాలాగూడ వంతెన మీద నిలబడి ఈ సెట్టు తిప్పుదామనుకునే కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇలాంటి సెట్టు దగ్గర పెట్టుకోవడమే తప్పు, 1933 నాటి వైర్‌లెస్ చట్టం నుంచీ అంతే. హామ్ లైసెన్సు ఉన్నా అది హామ్ బ్యాండ్లకే, రైల్వే మాటలకి కాదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లకి లైసెన్సు అక్కర్లేదు గానీ యూవీ-5ఆర్ ఆ కోవలోకి రాదు. ఇలాంటివి ఇష్టారాజ్యంగా అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అంగళ్ళకి నోటీసులు కూడా ఇచ్చింది. బండి ఎక్కడుందో తెలుసుకోవడానికి మనకి ఫోన్‌లో యాప్ ఉంది, అది చాలు.

రేడియో మీదే మోజుంటే సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983లో మొదలైంది. అక్కడ కనుక్కుని పరీక్ష రాయండి. లైసెన్సు చేతికొచ్చాక ఇదే చవక సెట్టుతో 144 నుంచి 146 మధ్య దర్జాగా మాట్లాడచ్చు. అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు 145.800లో వాళ్ళు ఏదైనా పంపుతుంటే డాబా మీద నిలబడి వినచ్చు. తిరుగు ప్రయాణంలో మాత్రం అక్కడి సెట్టుని సూట్‌కేసులో వేసుకుని రాకండి, దిగుమతికి వేరే అనుమతి కావాలి. నాది అమ్మాయి ఇంట్లో సొరుగులో ఉంటుంది, బ్యాటరీ విడిగా తీసిపెట్టి వస్తాను.